కత్తి కంటే ముందు సూది: ఖుర్తుబా హకీమ్ అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ

వైద్యశాస్త్రానికి ముస్లింలు చేసిన సేవ ప్రస్తావనకు రాగానే మనలో చాలామందికి ఇబ్నె సీనా, రాజీల పేర్లు గుర్తుకొస్తాయి. వారితో సమానంగా చెప్పుకోదగిన మరో మహనీయుని పేరు మాత్రం మన ఇళ్ళలో అంతగా వినిపించదు. ఆయనే అందలూస్ దేశపు శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ ఇబ్నె అబ్బాస్ అజ్జహ్రావీ. అందలూస్ అంటే ముస్లింల పాలనలో ఉన్న నాటి స్పెయిన్. ఐరోపా వైద్యులు ఆయన్ని అల్బుకాసిస్ అని పిలుచుకున్నారు.

ఈ వారం ఆయన జీవితాన్ని మేము ఎంచుకోవడానికి కారణం ఉంది. మెడ ముందు భాగంలో చిన్న గడ్డ కనిపిస్తే మన కుటుంబాల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. తల్లి అయితే దుపట్టా కింద దాచుకుంటుంది. పెళ్ళి కావలసిన ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్ళే దాచిపెడతారు. ఒకరు పసరు కట్టు కట్టమంటారు, ఇంకొకరు వెంటనే కోయించెయ్యమంటారు. డాక్టరు సూది పరీక్ష రాసిస్తే, సూది గుచ్చితే గడ్డ రేగుతుందని భయపెట్టేవారు మరికొందరు. గడ్డ అసలు ఏమిటో తెలుసుకోకుండా దాన్ని ముట్టుకోవచ్చా అన్న ప్రశ్న ఈ గొడవలో వెనక్కి పోతుంది. వెయ్యేళ్ళ క్రితం ఆ ప్రశ్నను ముందుకు తెచ్చినవారిలో జహ్రావీ ఒకరు.

పూలనగరం లాంటి రాజధానిలో

ఖుర్తుబా (కార్డోబా) నగరానికి పడమరగా సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ హిజ్రీ 325లో, అంటే క్రీ.శ. 936లో, ఒక కొత్త రాజధానికి పునాది వేయించారు. దాని పేరు మదీనతుజ్జహ్రా. దాదాపు ఆ సంవత్సరంలోనే అబుల్ ఖాసిమ్ అక్కడ జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరులా నిలిచి జహ్రావీ అయింది. ఆయన వంశం మదీనా అన్సార్లకు చెందినదని అంటారు. అందుకే కొన్ని గ్రంథాల్లో ఆయన పేరు చివర అన్సారీ అని కూడా కనిపిస్తుంది.

అది అందలూస్ వైభవం శిఖరానికి చేరిన కాలం. అబ్దుర్రహ్మాన్ కుమారుడు రెండవ హకమ్ గ్రంథాలయంలో నాలుగు లక్షల పుస్తకాలుండేవని చరిత్రకారులు రాశారు. యూనాన్ వైద్యుల గ్రంథాలు అరబీలో చదివే అవకాశం ఖుర్తుబా విద్యార్థులకు దక్కింది. జహ్రావీ ఆ విద్యా వాతావరణంలోనే పెరిగారు, అక్కడే వైద్యం చేశారు, అక్కడే శిష్యులకు బోధించారు. విద్య కోసం, ఆస్థాన కొలువుల కోసం దేశాలు తిరిగిన ఆనాటి పండితుల మధ్య, ఒకే చోట అర్ధ శతాబ్దం పాటు రోగుల పక్కన కూర్చున్న వైద్యుడిగా ఆయన మనకు కనిపిస్తారు.

ఆయన గురించి ఆ కాలపు చరిత్రకారులు రాసింది చాలా తక్కువ. ఆయన తర్వాతి తరానికి చెందిన ఇబ్నె హజ్మ్ ఆయన గ్రంథాన్ని మెచ్చుకున్నారు. ఇబ్నె హజ్మ్ శిష్యుడు హుమైదీ తన చరిత్ర గ్రంథంలో ఆయనకు కొద్ది పంక్తులు కేటాయించారు. ఇక మిగిలినదంతా జహ్రావీ రాసిన పుస్తకంలోనే వెతుక్కోవాలి. అదృష్టవశాత్తూ ఆయన తన పుస్తకంలో విజయాలతో పాటు తన కళ్ళెదుట జరిగిన ఘోరాలను కూడా దాచకుండా రాశారు.

మెడ గడ్డ తీసిన ప్రాణం

అలాంటి ఘోరాల్లో ఒకటి ఆయన మనసులో చెరగని ముద్ర వేసింది. ఒక స్త్రీ మెడ మీద కంఠమాల గడ్డ లేచింది. చదువు లేని ఒక వైద్యుడు దాన్ని కత్తితో కోశాడు. మెడలో రక్తనాళాలు ఎక్కడెక్కడ ఉంటాయో అతనికి తెలియదు. ధమనులు తెగాయి. నెత్తురు ఆగలేదు. ఆమె అతని ముందే కూలి ప్రాణాలు విడిచింది. జహ్రావీ దీన్ని స్వయంగా చూశారు.

మరో సంఘటనలో ఒక ముసలివాని మూత్రాశయంలో పెద్ద రాయి ఉంది. ఆ రాయి తీయమని మొదట జహ్రావీనే అడిగారు. రాయి పరిమాణం, రోగి వయసు చూసి, కోస్తే బతకడని ఆయన చెప్పారు. వేరొక వైద్యుడు ముందుకొచ్చి రాయితో పాటు మూత్రాశయం ముక్కను కూడా లాగేశాడు. మూడు రోజుల్లో ఆ వృద్ధుడు మరణించాడు.

వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించినట్లు అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. జహ్రావీ బోధనంతా ఈ బాధ్యత చుట్టూనే తిరుగుతుంది. శరీర నిర్మాణం చదవనివాడు కత్తి పట్టరాదని, డబ్బు ఆశతో చేతకాని పనికి ఒప్పుకోరాదని ఆయన శిష్యులకు గట్టిగా చెప్పారు. శిష్యులను ఆయన బిడ్డలుగా సంబోధించేవారు. రోగికి మేలు జరిగే శస్త్రచికిత్స ఒకటి, ప్రమాదమే ఎక్కువగా ఉండే శస్త్రచికిత్స మరొకటి అని విడదీసి, రెండోదానికి దూరంగా ఉండమన్నారు.

ముప్ఫై భాగాల మహాగ్రంథం

క్రీ.శ. 1000 ప్రాంతంలో ఆయన తన అనుభవసారాన్ని ఒక గ్రంథంగా పూర్తి చేశారు. దాని పేరు కితాబుత్తస్రీఫ్. మందుల తయారీ, ఆహార నియమాలు, రోగ లక్షణాలు, చికిత్సలు అన్నీ కలిపి ముప్ఫై భాగాలు. చివరి భాగం శస్త్రచికిత్సకు కేటాయించారు. కాల్చి వాత పెట్టే చికిత్స, కోతలు కుట్లు, విరిగిన ఎముకల చికిత్స అని అందులో మూడు అధ్యాయాలున్నాయి. సుమారు రెండు వందల పరికరాల బొమ్మలు కూడా ఉన్నాయి. ఇన్ని పరికరాలను బొమ్మలతో వివరించిన శస్త్రచికిత్స గ్రంథం అంతకుముందు లేదు. చదివిన కమ్మరి ఆ బొమ్మ చూసి పరికరం తయారు చేయగలగాలన్నది ఆయన ఉద్దేశం.

చీముగడ్డ కోసేటప్పుడు రోగి భయపడకుండా వేళ్ళ మధ్య దాగే చిన్న కత్తిని ఆయన వర్ణించారు. పేగు గాయాలను జంతువుల పేగుతో చేసిన దారంతో కుట్టే పద్ధతి రాశారు. కొన్ని కుటుంబాల్లో మగవారికి మాత్రమే చిన్న గాయానికే నెత్తురు ఆగకుండా కారిపోయే జబ్బును గమనించి నమోదు చేశారు. అదే నేడు హిమోఫీలియా అని మనం పిలుస్తున్న వంశపారంపర్య వ్యాధి.

గొంతు వాపుకు సూది

మన విషయానికి సంబంధించిన భాగం ఇదే. గొంతు ముందు భాగాన లేచే పెద్ద వాపు గురించి ఆయన విడిగా రాశారు. ఇది స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుందని గమనించారు. పుట్టుకతో వచ్చేదాన్ని ముట్టుకోవద్దన్నారు. తర్వాత వచ్చే వాపును రెండు రకాలుగా విడదీశారు. ఒకటి కొవ్వు గడ్డ లాంటిది. రెండోది రక్తనాళం ఉబ్బి వచ్చిన గడ్డ లాంటిది. పైకి రెండూ ఒకేలా కనిపించవచ్చు. మొదటిదాన్ని సంచీతో సహా తీసివేయవచ్చు. రెండోదాన్ని కోస్తే రోగి చనిపోతాడు.

మరి ఏది ఏదో తేల్చేదెలా? ముందు సూది లాంటి శోధన పరికరాన్ని గడ్డలోకి గుచ్చి లోపల ఏముందో చూడమన్నారు జహ్రావీ. కొవ్వు గడ్డ అని తేలి, రక్తనాళాలకు అంటుకుని లేదని రూఢి అయితేనే కత్తి తీయాలి. మెడ గడ్డ కోత వల్ల ఒక స్త్రీ కళ్ళెదుటే ప్రాణం విడవడం చూసిన మనిషి రాసిన నియమం ఇది.

మెడ గురించి ఆయన రాసిన మరో సంఘటన మనసును తాకుతుంది. ఒక బానిస యువతి కత్తితో తన గొంతు కోసుకుంది. శ్వాసనాళం కొంత తెగి, గాయంలోంచి గాలి బయటికి వస్తోంది. జహ్రావీని పిలిచారు. ఆయన ముందు పరీక్షించి పెద్ద రక్తనాళాలేవీ తెగలేదని నిర్ధారించుకున్నారు. తర్వాత గాయాన్ని కుట్టారు. గొంతు కాస్త బొంగురుపోవడం తప్ప మరే హాని లేకుండా ఆమె కోలుకుంది. ఒక బానిస ప్రాణానికి ఆయన ఇచ్చిన విలువ, ముట్టుకునే ముందు చూసుకున్న జాగ్రత్త రెండూ ఇందులో ఉన్నాయి.

క్యాన్సర్ గురించి రాసేటప్పుడు ఆయన నిజాయితీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రొమ్ము, తొడ లాంటి చోట్ల తొలిదశలో చిన్నగా ఉంటే మొత్తం తీసివేయవచ్చన్నారు. ముదిరి పెద్దదైతే దాని జోలికి పోవద్దన్నారు. ముదిరినదాన్ని తాను ఏనాడూ నయం చేయలేకపోయానని, నయం చేసినవారిని చూడలేదని ఒప్పుకున్నారు. అంత పేరున్న హకీమ్ ఈ మాట రాయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి.

నగరం పోయింది, గ్రంథం మిగిలింది

ఆయన వృద్ధాప్యంలో అందలూస్ అంతర్యుద్ధంలో చిక్కుకుంది. 1010లో మదీనతుజ్జహ్రా దోపిడీకి గురైంది. 1013లో ముట్టడిదారులకు ఖుర్తుబా లొంగిపోయింది. దాదాపు ఆ సంవత్సరంలోనే, అంటే హిజ్రీ 404 ప్రాంతంలో, జహ్రావీ ఈ లోకాన్ని వీడారు. ఆయన పుట్టిన నగరం వందల ఏళ్ళు మట్టి కింద ఉండిపోయింది. ఆ శిథిలాలను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గ్రంథం మాత్రం దేశాలు దాటింది. పన్నెండో శతాబ్దంలో తులైతులా (టొలెడో) నగరంలో గెరార్డ్ అనే క్రైస్తవ పండితుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. 1363లో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు గై ద షోలియాక్ రాసిన గ్రంథంలో జహ్రావీ పేరు పదేపదే వస్తుంది. 1465లో ఉస్మానియా సామ్రాజ్యంలో సబుంజూఓలూ దాని ఆధారంగా టర్కీ భాషలో బొమ్మలతో గ్రంథం రాశారు. 1497లో వెనిస్‌లో అది అచ్చయింది. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ, లాటిన్ పాఠాలు పక్కపక్కనే అచ్చయ్యాయి.

సూదికి సూక్ష్మదర్శిని తోడైంది

ఇక్కడ మేము ఒక జాగ్రత్త పాటించదలిచాము. సూది పరీక్ష చరిత్ర రాసే నేటి వైద్యులు తరచూ జహ్రావీ పేరుతోనే మొదలుపెడతారు. అది మనకు గర్వకారణమే. అయినా నేటి పరీక్షను ఆయనే కనిపెట్టారని చెప్పడం సత్యం కాదు. ఆయన కాలానికి సూక్ష్మదర్శిని లేదు. జీవకణం అన్న సంగతే ఎవరికీ తెలియదు. థైరాయిడ్ గ్రంథికి ఆ పేరు 1656లో ఇంగ్లండు వైద్యుడు థామస్ వార్టన్ పెట్టాడు. లోపల ఉన్నది కొవ్వా, నెత్తురా అన్నంత వరకే జహ్రావీ సూది చెప్పగలిగింది. లోపల ఉన్నది ఏ రకం కణం అని నేటి సూది చెబుతుంది.

1930లో న్యూయార్క్ నగరంలో మార్టిన్, ఎల్లిస్ అనే వైద్యులు లావాటి సూదితో గడ్డల నుంచి కణాలు తీసి పరీక్షించిన అనుభవాన్ని ప్రకటించారు. 1950, 60 దశకాల్లో స్వీడన్ వైద్యులు సన్నని సూదిని వాడుకలోకి తెచ్చారు. నేడు రక్తం తీసే సూది కంటే సన్నని సూదిని, చాలాసార్లు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, గడ్డలోకి పంపుతారు. వచ్చిన కొద్దిపాటి కణాలను గాజు పలక మీద పరిచి, రంగు వేసి, పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూస్తారు. కొద్ది నిమిషాల పని. ఈ సన్నని సూది వల్ల థైరాయిడ్ క్యాన్సర్ పాకడం అత్యంత అరుదు. ఆ భయంతో పరీక్ష మానుకోవడం సరికాదు.

థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభైకి పైగా క్యాన్సర్ కానివే. క్యాన్సర్ అయినవాటిలో కూడా నూటికి ఎనభైకి పైగా పాపిలరీ రకం. దాని కణాల కేంద్రకాలు పాలిపోయినట్లుంటాయి, వాటి మీద కాఫీ గింజ మీద ఉండే గాడి లాంటి గీత కనిపిస్తుంది. చాలావరకు ఇది నయమయ్యే జబ్బే. కష్టమంతా అరుదైన రకాలతోనే.

పాపిలరీలోనే పొడుగు కణాల రకం ఒకటి ఉంది. దానిలో కణం వెడల్పు కంటే ఎత్తు మూడింతలుంటుంది. అది గ్రంథి దాటి త్వరగా పాకుతుంది. మరొక రకంలో కేంద్రకం కణం పైకొసకు చేరి, మేకు తలలా ఉబ్బి కనిపిస్తుంది. అదీ మొండిదే. ఇంకొకటి ఎక్కువగా పడుచువారికి వస్తుంది. అది గడ్డగా కాక, గ్రంథినంతా గట్టిపరుస్తూ వ్యాపిస్తుంది. దాని స్లైడు నిండా తెల్ల రక్తకణాలుంటాయి కాబట్టి, సరిగ్గా చూడకపోతే హషిమోటో అనే మామూలు థైరాయిడ్ వాపుగా పొరబడవచ్చు. అలా పొరబడితే చికిత్సకు విలువైన కాలం చేజారిపోతుంది.

మెడల్లరీ రకం వేరే జాతికి చెందిన కణాల నుంచి పుడుతుంది. దాని కేంద్రకాలు ఉప్పు, మిరియాలు కలిపి చల్లినట్లుంటాయి. కాల్సిటోనిన్ అనే హార్మోను పరీక్షతో దాన్ని రూఢి చేస్తారు. ఈ రకం రోగుల్లో సుమారు నలుగురిలో ఒకరికి అది వంశపారంపర్యంగా వస్తుంది. అప్పుడు ఆ ఇంటి పిల్లలకు కూడా జన్యు పరీక్ష అవసరం. వంశపారంపర్య రకం ఉన్న కొందరికి మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథిలో కూడా గడ్డ ఉండవచ్చు. అది తెలియకుండా మెడ ఆపరేషన్ మొదలుపెడితే రక్తపోటు ఉన్నట్టుండి పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. కత్తి కంటే ముందు గడ్డ పేరు తెలియాలన్న జహ్రావీ నియమం నేటికీ ప్రాణాలు కాపాడుతున్నదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

అన్నిటికంటే క్రూరమైన అనాప్లాస్టిక్ రకం నూటికి ఒకటి రెండు మాత్రమే. ఎక్కువగా వృద్ధులలో, వారాల్లోనే పెరిగే గడ్డగా వస్తుంది. థైరాయిడ్ లింఫోమా కూడా అంత వేగంగానే పెరుగుతుంది. పైకి రెండూ ఒకేలా కనిపించినా, రెండోదానికి ప్రధాన చికిత్స కత్తి కాదు, మందులు, రేడియేషన్. ఆ రెండిటినీ విడదీయడం సూది పరీక్షతో మొదలవుతుంది. అది చాలకపోతే ముక్క పరీక్ష చేస్తారు.

తెలియదని చెప్పడమూ అమానతే

సూదికి కూడా హద్దులున్నాయి. ఫాలిక్యులర్ రకం క్యాన్సరా, మామూలు గడ్డా అన్నది కణాలను చూసి తేల్చలేరు. గడ్డ చుట్టూ ఉన్న పొరను అది ఛేదించిందా లేదా అన్నది ఆపరేషన్ తర్వాత మొత్తం గడ్డను పరిశీలిస్తేనే తెలుస్తుంది. అందుకే 2007లో అమెరికాలోని బెథెస్డాలో సమావేశమైన నిపుణులు థైరాయిడ్ సూది పరీక్ష ఫలితాలను ఆరు తరగతులుగా విభజించారు. 2023లో దాని మూడో కూర్పు వెలువడింది. ఆ ఆరింటిలో కణాలు చాలలేదు అని చెప్పే తరగతి ఒకటుంది. ఇది ఏమిటో తేల్చలేకపోతున్నాము అని చెప్పే తరగతి మరొకటుంది.

అలాంటి రిపోర్టు చేతికొస్తే డబ్బు దండగైందని చాలామంది విసుక్కుంటారు. నిజానికి అది నిజాయితీ గల రిపోర్టు. తెలియని చోట తెలిసినట్లు రాస్తే ఒక అమ్మాయి అవసరం లేకుండా గ్రంథిని పోగొట్టుకుని జీవితాంతం మాత్రలు మింగాల్సి రావచ్చు. లేదా ఒక తండ్రి జబ్బు ముదిరాక ఆసుపత్రికి చేరవచ్చు. క్యాన్సర్ అన్న మాటను కూడా ఆచితూచి వాడాలి. ఒకప్పుడు పాపిలరీ క్యాన్సర్‌గా లెక్కించిన ఒక నెమ్మది రకం గడ్డకు, అది పొర దాటి పాకడం లేదని రుజువు కావడంతో, 2016లో నిపుణులు ఆ పేరులోంచి క్యాన్సర్ అన్న మాటనే తీసివేశారు. ఎందరో రోగులు అనవసర భయం నుంచి, అనవసర చికిత్స నుంచి తప్పించుకున్నారు.

ముసలివాని రాయిని తీయలేనని వెనక్కి తగ్గిన జహ్రావీకి, ముదిరిన క్యాన్సర్‌ను నయం చేయలేకపోయానని రాసిన జహ్రావీకి ఈ రిపోర్టు పరాయిది కాదు. విద్య అల్లాహ్ ఇచ్చిన అమానతు అయితే, ఆ విద్య ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం కూడా అమానతులో భాగమే. ఆయన మనకు విడిచి వెళ్ళిన అసలు ఆస్తి రెండు వందల పరికరాల కంటే ఈ నిజాయితీయే అని మా అభిప్రాయం.

ఇక పాఠకులు చేయవలసింది పెద్ద కష్టమైన పనేమీ కాదు. మెడ ముందు భాగంలో గడ్డ కనిపించినా, గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా దాచుకోవద్దు. థైరాయిడ్ జబ్బులు స్త్రీలలోనే ఎక్కువ. పరీక్ష కోసం మహిళా డాక్టరు కావాలని అడగడంలో తప్పు లేదు. సిగ్గుతో పరీక్షనే మానుకోవడం మాత్రం మంచిది కాదు. కుటుంబంలో ఎవరికైనా మెడల్లరీ రకం వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రిపోర్టు అర్థం కాకపోతే అడగాలి. అనుమానం మిగిలితే అదే స్లైడును మరో పాథాలజిస్టుకు చూపించుకునే వీలుంది. అరుదైన రకాల విషయంలో రెండో అభిప్రాయం చాలాసార్లు చికిత్సనే మారుస్తుంది.

అల్లాహ్ ఏ వ్యాధినీ దాని నివారణ లేకుండా సృష్టించలేదని దైవప్రవక్త (స) మనకు బోధించారు. ఆ నివారణను వెతకడం మన విధి. గడ్డ ఏమిటో ముందు తెలుసుకోవడం ఆ వెతుకులాటలో మొదటి అడుగు. మన వైద్యులకు జహ్రావీ జాగ్రత్తను, నిజాయితీని, మన రోగులకు ఓర్పును, సంపూర్ణ స్వస్థతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.